గాడిద మనతోనే ఉన్నట్టు

సోమవారం

ఆటలో ప్రతిదానికీ రూలు తీసి వాదించే మా బల్ల దగ్గరి లాయరుగారికి, అంటే నా ఒక్కగానొక్క తమ్ముడికి,

అక్క రాస్తున్నది. ఫోను ఎత్తవు, తలుపు తియ్యవు, అందుకని కాగితం మీదికి దిగాను. నిన్న నువ్వు రాలేదు. మూడింటికల్లా మీ బావ కుర్చీలు వేశాడు. నీ కుర్చీకి ఒక కాలు ఊగుతుంది కదా, దాని కింద మడిచిన అట్టముక్క కూడా పెట్టాడు. మూడున్నర దాకా ఆట మొదలుపెట్టలేదు. టీచరమ్మ రెండుసార్లు గడియారం చూసి, "రూలు పన్నెండు ప్రకారం ఆలస్యంగా వచ్చినవాళ్ళు చల్లారిన టీయే తాగాలి" అన్నారు. మామూలుగా అయితే నవ్వేవాళ్ళం. నీ టీ చల్లారి మీగడ కట్టింది, నేనే తీసుకెళ్ళి పారబోశాను.

పైవాటాలో కొత్తగా దిగినావిడ మొన్న మెట్ల దగ్గర నన్ను ఆపింది. "ప్రతి ఆదివారం మీ ఇంట్లో ఏదో గొడవ వినిపిస్తుందండీ, అంతా క్షేమమేనా?" అని అడిగింది. అది ఆట అని చెప్పాను. బల్ల చుట్టూ నలుగురం కూర్చుంటాం, నేను కథ చెబుతాను, మిగతా ముగ్గురూ ఆ కథలో మనుషులు. మా ఆయన బస్సు డ్రైవరు, ఆటలో మాత్రం బండోడనే వీరుడు, ఎదురుగా తలుపు కనిపిస్తే గొళ్ళెం చూడకుండా గుద్దేస్తాడు. పక్కింటి టీచరమ్మ మంత్రగత్తె, దెయ్యాల చేత కూడా గోడకుర్చీ వేయిస్తారు. మా తమ్ముడు దొంగ. మూడేళ్ళయింది, ఇంతవరకు ఒక్క దొంగతనమూ చెయ్యలేదు, సొంతదారు అనుమతి లేనిదే వస్తువు ముట్టుకోకూడదంటాడు. ఎవరు ఏం చేస్తామన్నా అది జరిగిందో లేదో ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. ఇంత చెప్పినా ఆవిడ, "మరి ఆ కేకలెందుకండీ?" అంది. "తాడు పొడవు గురించి" అన్నాను. ఆవిడ ఇంకేమీ అడక్కుండా మెట్లెక్కి వెళ్ళిపోయింది, మధ్యలో ఒకసారి వెనక్కి చూసుకుంది.

నువ్వే చెప్పు, ఎవరికైనా ఎలా వివరించడం? ఆటలో యాభై అడుగుల తాడు కొన్నాం. నువ్వు పెన్సిలు చెవి మీద పెట్టుకుని, "ముడి వేస్తే తాడు తగ్గదా?" అన్నావు. ఈ కొసన ఒక ముడి, ఆ కొసన ఒక ముడి, ముడికి అడుగుంబావు, వెరసి రెండున్నర అడుగులు పోయి నలభై ఏడున్నర. మీ బావ బల్ల గుద్ది, "ఆటలో తాడు యాభై అంటే యాభైయేరా!" అన్నాడు. మూడు ఆదివారాలు కథ అంగుళం కదల్లేదు. చివరికి టీచరమ్మ మా బట్టలారేసే తాడు విప్పుకొచ్చి, ముడులు వేసి, స్కేలుతో కొలిచి నువ్వే గెలిచావన్నారు. అది రూలు ఎనిమిది అయింది. తడిబట్టలన్నీ కుర్చీల మీదికి చేరాయి. మీ బావ ఇవాళ్టికీ ఒప్పుకోలేదు.

నిన్న అదే తాడుతో నది దాటాడు, కోట ఎక్కాడు, ఒక రాక్షసుణ్ణి కట్టేశాడు, మళ్ళీ మిగిలిందన్నాడు. ఎవరూ అడ్డు చెప్పలేదు. కాసేపటికి ఆయనే చుట్టూ చూసి, "ఎవరైనా కాదనండర్రా, ఇలాగైతే ఎలా ఆడేది?" అన్నాడు. ఆ తర్వాత పాచికలు డబ్బాలో పడేసి లేచిపోయాడు.

గాడిద కూడా అడిగింది నిన్ను. నేను చేసే పెట్టుడు పళ్ళసెట్ల పనిలో చిగుళ్ళకని వాడే గులాబీ ముద్ద మిగిలితే, ఆటలో మన సామాను మోయడానికని చేసిన బొమ్మ గాడిద, ముందర ఒక అసలు పెట్టుడు పన్ను ఉన్న గాడిద. మొదటి ఏడాది ఆటలో మనమంతా పడవెక్కి పారిపోయి దాన్ని ఒడ్డున మర్చిపోతే, నువ్వే లేచి వాదించావు: "వదిలేశామని ఎవరైనా అన్నారా? అనలేదు. కాబట్టి గాడిద మనతోనే ఉన్నట్టు." రూలు ఆరు. అప్పట్నుంచీ ఎవరు ఏ ప్రమాదంలోంచి బయటపడ్డా టీచరమ్మ అడిగే మొదటి ప్రశ్న "మరి గాడిద?" అనే.

నాలుగు నెలలుగా నువ్వు పనికి పోలేదు, క్రేను ఎక్కలేదు. మా బల్ల దగ్గరికి తప్ప ఎక్కడికీ రాలేదు. ఇప్పుడు అదీ మానేస్తే ఎలాగరా? క్రితం ఆదివారం ఆట మధ్యలో లేచి, "టీ బాగుంది అక్కా" అని వెళ్ళిపోయావు. టీ తాగనే లేదు నువ్వు. ఏమైందో నాకు తెలియదు.

రూళ్ళ పుస్తకం నీ చేతిరాతలోనే ఉంది. రూలు పద్నాలుగు: వరసగా మూడు ఆదివారాలు రానివాళ్ళ పాత్ర గురించి రాసుకున్న కాగితం బిస్కెట్ల డబ్బాలోకి వెళ్తుంది, ఇక తియ్యకూడదు, ఆ పాత్ర ఆటలో లేనట్టే. మీ బావ బద్ధకించి మానేస్తున్నాడని పట్టుబట్టి రాయించావు. రూలు పదిహేను: రాలేనివాళ్ళు ఉత్తరం రాస్తే వచ్చినట్టే లెక్క. అది కూడా నీ దయే. ఒక ఆదివారం అయిపోయింది. ఒక్క ముక్క రాసి పంపు, చాలు.

నీ అక్క

*

సోమవారం

చిన్నా,

రెండో ఆదివారం కూడా అయిపోయింది. పోయిన ఉత్తరంలో ఏమైందో నాకు తెలియదని రాశాను. అబద్ధం రాశాను. అప్పటికే నాకు అనుమానం ఉంది, ఒప్పుకోవడానికి ధైర్యం చాల్లేదు.

నిన్న అందరూ వెళ్ళిపోయాక నీ కుర్చీలో కూర్చున్నాను. మూడేళ్ళలో ఎప్పుడూ ఆ వైపు కూర్చోలేదు నేను. ఎదురుగా నేను ఎవరికీ కనిపించకుండా పాచిక వేసే అట్టతెర, దాని వెనక నా ఖాళీ కుర్చీ, దాని వెనక గాజు తలుపుల అల్మారా. పళ్ళ అచ్చులు పెట్టుకునే అల్మారా. తల కొంచెం ఎత్తేసరికి ఆ గాజులో, తెర వెనక బల్ల మీద ఉన్నదంతా కనిపించింది. నా పెన్సిలు, నా కాగితాలు, నా టీ గ్లాసు అడుగున మిగిలిన పొడి కూడా.  వేరే పాచిక తెచ్చి తెర వెనక పెట్టి చూశాను, దాని మీది అంకె కూడా కనిపించింది.

నువ్వు చూశావు. నువ్వు మధ్యలో లేచిపోయిన ఆ రోజు లోయలోకి గాడిదని దింపుతున్నాం. తాడు నీ దొంగ చేతిలో ఉంది. లోయ నలభై ఎనిమిది అడుగులు. తాడు నేలకి అందితే ఏడు పడినా చాలు, అందకపోతే ఎనిమిది పడాలి. నీ లెక్క ప్రకారం అరడుగు తక్కువ, కాబట్టి ఎనిమిది. మీ బావ యథాప్రకారం, "యాభై అడుగులే, ఏడు చాలు" అని గొణిగాడు. నేను తెర వెనక నీ ఎర్ర పాచిక వేశాను. రెండు పడింది.

రెండురా. ఎవరి లెక్కలో చూసినా గాడిద పోయినట్టే. నేను తల ఎత్తాను. నువ్వు బల్ల అంచు పట్టుకుని ఉన్నావు. నీ వేళ్ళ కణుపులు తెల్లబడి ఉన్నాయి. నీ నోరు కొంచెం తెరుచుకుని ఉంది. క్రేను ప్రమాదం జరిగిన రోజు ఆసుపత్రి వరండాలో నిన్ను వెతుక్కుంటూ వచ్చినప్పుడు నీ మొహం అచ్చం అలాగే ఉంది. నా నోట్లోంచి "పద్నాలుగు" అని వచ్చేసింది. మీ బావ చప్పట్లు కొట్టాడు. టీచరమ్మ "హమ్మయ్య" అన్నారు.  నువ్వు మాత్రం తెర వెనక్కి చెయ్యి చాపి, పాచిక తీసి జేబులో వేసుకుని లేచావు.

ఇక్కడితో ఆగితే సగమే చెప్పినట్టు. ప్రమాదం జరిగినప్పట్నుంచీ పదకొండుసార్లు అబద్ధమాడాను. గుహలో నీకు పాము విషం ఎక్కాలి, ఎక్కలేదన్నాను. కాపలావాళ్ళు నిన్ను చూడాలి, ఆవలిస్తూ పక్కకి తిరిగారన్నాను. వంతెన పలక విరగాలి, కిర్రుమని ఊరుకుందన్నాను. మీ బావని మాత్రం ఒక్కసారీ కాపాడలేదు. బండోడు రెండుసార్లు బావిలో పడ్డాడు, పడనిచ్చాను. ఇది రాస్తుంటే నవ్వొస్తోంది, ఏడుపూ వస్తోంది.

నీకోసమే చేశాననుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే అదీ నిజం కాదు. నాకోసం చేశాను. నీ చేతిలోంచి ఇంకోటి జారడం నేను చూడలేను.

నువ్వు నాతో ఒక్కసారే మాట్లాడావు ప్రమాదం సంగతి. విచారణ వాళ్ళు కాగితం ఇచ్చిన రోజు. తెగిన ఇనుపతాడు లోపల తుప్పు పట్టింది, పైకి కనిపించలేదు, క్రేను నడిపినవాడి తప్పు లేదు అని రాసి ఉంది. నువ్వు దాన్ని నాలుగు మడతలు పెట్టి, "ఎవరి తప్పూ లేకపోతే ఆయన ఎందుకు లేడక్కా?" అన్నావు. కింద నిలబడి నీకు చేతి సైగలిచ్చే పెద్దాయన, తాడు తెగి బరువు మీద పడింది ఆయన మీదే. ఆయన పిడికిలి బిగిస్తే ఆగాలి, వేలు తిప్పితే ఎత్తాలి, బొటనవేలు నోటి దగ్గరికి తెస్తే టీకి దిగమని. ఆ సైగ ఏ పుస్తకంలోనూ లేదని, ఆయనే కనిపెట్టాడని నువ్వే నవ్వుతూ చెప్పేవాడివి. ఆ రోజు ఇంకో మాట కూడా అన్నావు. "ఆదివారం మీ ఇంట్లోనే నాకు ఊపిరాడుతుంది. ఇక్కడ ఏదైనా పడితే పాచిక అలా పడింది అంటారు. అక్కడ పడితే నా చెయ్యి అంటారు."

ఆ మాట విని కూడా నేను పాచిక మీద చెయ్యి పెట్టాను. నీకు మిగిలిన ఒక్క బల్ల కూడా నిజమైంది కాకుండా చేశాను. గాజులో ఆ రెండు చూశాక ఇక దేన్ని నమ్ముతావు నువ్వు? విచారణ కాగితం కూడా నిన్ను ఊరడించడానికి ఎవరో "పద్నాలుగు" అన్నట్టే అనిపించి ఉంటుంది.

నన్ను తిట్టు. ఫోనులో తిట్టు, ఉత్తరంలో తిట్టు, రూళ్ళ నంబర్లు వేసి తిట్టు. ఉలుకూ పలుకూ లేకుండా మాత్రం ఉండకు. నేను పనిలో పళ్ళు అరగదీస్తూ అరగదీస్తూ ఏ పన్ను చేస్తున్నానో మర్చిపోతున్నాను. మొన్న ఒకాయనకి రెండు ఎడమ కోరపళ్ళు చేసి పంపాను.

తప్పు చేసిన అక్క

*

శనివారం

చిన్నా,

రేపు మూడో ఆదివారం.

ఇవాళ నీ దగ్గరికి వచ్చాను. నాలుగు అంతస్తులు ఎక్కాను. మెట్ల మీద మీ ఇంటి ఓనరావిడ ఎదురై, "నీళ్ళు పట్టుకోవడానికి పొద్దున ఒకసారి వస్తాడు, మళ్ళీ తలుపేసుకుంటాడు, పలకరిస్తే తల ఊపుతాడు" అంది. నీ తలుపు దగ్గర నిలబడ్డాను. కొట్టలేదు. లోపల్నుంచి చప్పుడు వినిపించింది. టక్కుమని పడడం, దొర్లడం, ఆగడం. కాసేపు ఏమీ లేదు. మళ్ళీ టక్కుమని. ఎర్ర పాచిక. పాతికసార్లు లెక్కపెట్టాను. ఎవరితో ఆడుతున్నావురా? ఎవరి కోసం వేస్తున్నావు?

 కిందికి దిగి వీధి అవతల నిలబడి నీ కిటికీ చూశాను. కిటికీ రెక్కలు బార్లా తెరిచి ఉన్నాయి. నాలుగో అంతస్తు. ఎంత ఎత్తో నేను లెక్క కట్టాను. తాడు పొడవు లెక్క కట్టినట్టు కట్టాను. నాకు భయంగా ఉంది. ఇంతకంటే ఇంకెలా చెప్పాలో తెలియడం లేదు. నాకు చాలా భయంగా ఉంది.

మీ బావకి అంతా చెప్పేశాను. పదకొండు అబద్ధాలూ. నా బండోణ్ణి బావిలో పడనిచ్చావా అని తగువుకి వస్తాడనుకున్నాను. ఆయన, "వాడు ఆ తలుపు తియ్యకపోతే నేను గుద్దేస్తానే" అన్నాడు. ఆటలో మాటలా అనలేదు. పొద్దున తన బస్సు మీ వీధి వెంట వెళ్తున్నప్పుడల్లా మీ ఇంటి ముందు రెండుసార్లు హారను కొడుతున్నాడట, పదిహేను రోజులుగా. నాకు ఇవాళే చెప్పాడు. ప్రయాణికులు విసుక్కుంటున్నారట. టీచరమ్మకి కూడా చెప్పాను. ఆవిడ బిస్కెట్ల డబ్బా తనింటికి తీసుకెళ్ళిపోయారు. "డబ్బా లేకపోతే కాగితం ఎందులో వేస్తారు? రూల్లో డబ్బా అనే ఉంది, ఇంకేదీ లేదు" అన్నారు. నీ దగ్గరే నేర్చుకున్నారు ఈ తెలివి.

నేను మాత్రం నీతో రూలు మాట్లాడే హక్కు పోగొట్టుకున్నాను. అయినా ఒక్కటి అడుగుతాను. రూలు ఆరు నువ్వు రాసిందే. వదిలేశామని ఎవరూ అనకపోతే మనతోనే ఉన్నట్టు. చిన్నా, నిన్ను వదిలేశామని ఎవరూ అనలేదు. నేను అనలేదు, మీ బావ అనలేదు, టీచరమ్మ అనలేదు. నువ్వు ఎంత దూరంగా తలుపేసుకున్నా, నీ రూలు ప్రకారమే నువ్వు మాతో ఉన్నావు. కాదని వాదించాలంటే నువ్వే వచ్చి వాదించాలి.

ఆట వద్దంటే మానేద్దాం. తెర చింపేస్తాను. పాచికలు పారేస్తాను. గాడిదని కరిగించి ఎవరికైనా చిగుళ్ళు చేసి పెడతాను. నువ్వు ఉంటే చాలు. ఉత్తరం రాయలేకపోతే ఈ కాగితం వెనకే ఒక గీత గీసి తలుపు కిందనుంచి బయటికి తొయ్యి. రేపు పొద్దున వచ్చి చూసుకుంటాను. గీత చాలు.

అక్క

*

ఆదివారం ఉదయం

ఆట నడిపే అక్కగారికి,

విషయం: లోయ దగ్గర వేసిన పాచిక మీద ఆక్షేపణ.

రూలు తొమ్మిది ప్రకారం, పడిన సంఖ్య ఒకటీ చెప్పిన సంఖ్య ఒకటీ అయితే ఆ పాచిక చెల్లదు. నువ్వు ఉత్తరంలో రెండు పడిందని రాతపూర్వకంగా ఒప్పుకున్నావు. పద్నాలుగని చెప్పావు. కాబట్టి పద్నాలుగు చెల్లదు. రెండు కూడా చెల్లదు, ఎందుకంటే దాన్ని నువ్వు బల్ల మీద చెప్పలేదు. అంటే ఆ పాచిక అసలు వెయ్యనట్టే.

పాచిక వెయ్యకపోతే గాడిద కింద పడనూ లేదు, నేలకి దిగనూ లేదు. పాపం మూడు వారాలుగా తాడుకి వేలాడుతోంది. దాని సంగతి మీరెవరూ ఆలోచించలేదు. నేను ఆలోచించాను. ఇంచుమించు వేరే ఏమీ ఆలోచించలేదు.

నా కోరిక: ఇవాళ మూడింటికి ఆ పాచిక మళ్ళీ వెయ్యాలి. తెర తీసెయ్యాలి. అందరూ చూడాలి. తాడు నా చేతిలో ఉంది కాబట్టి పాచిక నేనే వేస్తాను. ఏది పడితే అది. ఎవరూ జాలి పడకూడదు.

రూలు పదిహేను ప్రకారం ఈ ఉత్తరంతో హాజరు పడినట్టే. అయినా వస్తాను. బావని పొద్దున హారను కొట్టొద్దని చెప్పు, మా ఓనరావిడ పోలీసులకి చెబుతానంటోంది. కిటికీ వంట పొగ పోవడానికి తీశాను. కానీ నువ్వు లెక్క కట్టిన సంగతి చదివాక మూసేశాను.

ఆక్షేపణదారు

*

మంగళవారం

అక్కా,

మొన్న ఎదురుగా కూర్చుని కూడా ఏమీ చెప్పలేకపోయాను. నాలుగు గ్లాసుల టీ తాగాను, అంతే. అందుకే రాస్తున్నాను. పైగా నేను పాచిక విసిరినప్పుడు నువ్వు కళ్ళు గట్టిగా మూసుకున్నావు. నువ్వు చూడనిది నేను చెప్పాలి.

దానికి ముందు, గదిలో ఆ చప్పుడు గురించి. నువ్వు తలుపు దగ్గర నిలబడి విన్నావని తెలిసి సిగ్గేసింది. నేను గాడిద కోసం వెయ్యడం లేదు. ఎనిమిది గాని అంతకు మించి గాని పడితే పెద్దాయన పక్కకి తప్పుకున్నట్టు. తక్కువ పడితే తప్పుకోనట్టు. అలా పెట్టుకున్నాను. నువ్వు పద్నాలుగు అన్న రోజు సాయంత్రం మొదలుపెట్టాను. ఇనుపతాడు తెగడానికి ముందు ఒక్క క్షణం ఏదో కీచుమంది అక్కా. ఆ క్షణంలో నా చెయ్యి మీట మీద ఉంది. పక్కకి తిప్పి ఉంటే? నాలుగు నెలలుగా ఆ ఒక్క క్షణంలోనే ఉన్నాను. ఎవరికీ చెప్పలేదు. విచారణలో కూడా కీచుమన్న సంగతి చెప్పాను గానీ, దానితో నేను ఏం చేస్తున్నానో చెప్పలేదు. ఆరు వందల సార్లు దాకా వేసి ఉంటాను. చాలాసార్లు ఆయన బతికాడు. వరసగా తొమ్మిదిసార్లు కూడా బతికాడు ఒక రోజు. అయినా సాయంత్రానికి ఆయన లేడు.

నీ మీద కోపం వచ్చిన మాట నిజం. గాజులో రెండు చూసి, నువ్వు పద్నాలుగు అనగానే, నేను పడేస్తే ఎవరూ తట్టుకోలేరు కాబోలు అనుకున్నాను. అందరూ నా చుట్టూ తెర పట్టుకుని నిలబడ్డారనుకున్నాను. అదే భయపెట్టింది నన్ను. నీ మూడో ఉత్తరంలో నీకు భయంగా ఉందని రాశావు చూడు, నాలుగు నెలల్లో నాతో ఎవరైనా తెర లేకుండా మాట్లాడింది అదొక్కటే. అది చదివాకే ఆక్షేపణ రాయడానికి కూర్చున్నాను.

ఇక మొన్నటి సంగతి. పాచిక బల్ల అంచు దాకా వెళ్ళి, బావ టీ గ్లాసుకి తగిలి ఆగింది. ఏడు.

ఆ తర్వాత మాటలు నువ్వు విన్నావు. కానీ వాళ్ళ మొహాలు చూడలేదు. బావ లేచి నిలబడి, "ఏడు చాలురా! యాభై అడుగుల తాడు, నేలకి అందింది! రెండేళ్ళ నుంచి మొత్తుకుంటున్నా కదరా!" అన్నాడు. గెలిచినవాడి మొహం కాదక్కా అది. బతిమాలుతున్నవాడి మొహం. బండోడు ఎప్పుడూ ఎవర్నీ బతిమాలలేదు. టీచరమ్మ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ, "ఆ రోజు బట్టల తాడు నేను తప్పు కొలిచానేమో బాబూ" అన్నారు. ముప్పై ఏళ్ళుగా పిల్లలకి లెక్కలు చెప్పిన మనిషి. తను తప్పు చేశానని ఆవిడ అనడం నేను ఎప్పుడూ వినలేదు. నువ్వు కళ్ళు తెరవకుండా తల అడ్డంగా ఊపుతూనే ఉన్నావు, ఏది పడిందో కూడా తెలియకుండా.

ఒక్కమాట చాలు. యాభై అని నేను ఒప్పుకుంటే గాడిద బతుకుతుంది. ముగ్గురూ నాకు ఆ మాట చేతికి అందిస్తున్నారు. అందుకు నాకు ఏడుపొచ్చింది. కానీ తాడు యాభై అడుగులు కాదక్కా. మనం కొలిచాం. నలభై ఏడున్నర అన్నాను. గాడిద పడిపోయింది.

నేను పడేశాను. మీరంతా చూస్తుండగా, నా చేత్తో, ఏ తెరా లేకుండా. ఆ తర్వాత ఏమవుతుందో అని చూస్తూ కూర్చున్నాను. ఏమీ కాలేదు. బావ పక్కకి తిరిగి ముక్కు చీదుకున్నాడు. టీచరమ్మ అలవాటుగా "మరి గాడిద?" అనబోయి సగంలో ఆపేసుకున్నారు. నువ్వు కళ్ళు తెరిచి, బల్ల చూసి, లేచి నా గ్లాసులో టీ పోశావు. వేడి టీ. అప్పుడే నేను పెద్దాయన సంగతి చెప్పడం మొదలుపెట్టాను, టీకి దిగమనే ఆ సైగ దగ్గర్నుంచి. ఎంతసేపు చెప్పానో, ఏం చెప్పానో నాకు గుర్తు లేదు. మీరు ముగ్గురూ కదలకుండా కూర్చోవడం గుర్తుంది. ఎవరూ నీ తప్పు లేదనలేదు. దానికి మీకు ఎంత కష్టమైందో నాకు తెలుసు, ముఖ్యంగా బావకి.

ఆయన లేడు. అది ఎన్నిసార్లు వేసినా మారదు. నిన్న పొద్దున ఆ మాట పైకి అనుకుని చూశాను. చివరిదాకా అనగలిగాను.

నిన్న కట్టడం దగ్గరికి వెళ్ళాను. క్రేను ఎక్కలేదు, ఎక్కుతానో లేదో తెలియదు. ఇన్‌ఛార్జిని కలిసి ఇనుపతాళ్ళు పరీక్ష చేసే పని ఇవ్వమని అడిగాను. రోజూ పని మొదలయ్యే ముందు ప్రతి తాడూ అడుగడుగూ చేత్తో తడిమి, తెగిన పోగులు లెక్కపెట్టి, కొంచెం అనుమానం ఉన్నా పక్కన పడెయ్యాలి. ఎవరికీ ఇష్టం లేని పని, విసుగు పని, అందరితో గొడవ పెట్టుకునే పని. ఆయన, "నీకు ఓపిక ఉందా?" అని అడిగాడు. ఓపికా? ఒక తాడు గురించి మూడు ఆదివారాలు వాదించానని చెప్పాను. ఇవాళ మొదటి రోజు. పదకొండు తాళ్ళు చూశాను, రెండు పక్కన పడేశాను. ఒకదాని మీద మేస్త్రీ గంటసేపు అరిచాడు, ఇంకా నెల రోజులు వస్తుందని. నేను రూలు చూపించాను.

వచ్చే ఆదివారం వస్తాను. అట్టతెర మళ్ళీ పెట్టుకో, నీకు అది లేకపోతే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు. కాకపోతే ఆ అల్మారా గాజుకి లోపలి వైపు కాగితం అంటించు. బావ మొన్న నా కుర్చీలో కూర్చోవడానికి ప్రయత్నించడం చూశాను.

ఇంకో సంగతి. గులాబీ గాడిద కోసం బల్ల కింద, సోఫా కింద వెతుకుతూ ఉంటావు. వెతకొద్దు. మీరంతా నాకు టీ పోసే హడావిడిలో ఉన్నప్పుడు దాన్ని తీసి జేబులో వేసుకున్నాను. సొంతదారు అనుమతి అడగలేదు. ఇవాళ తాళ్ళు చూస్తున్నంతసేపూ నా జేబులోనే ఉంది, దాని పన్ను తొడకి గుచ్చుకుంటూ ఉంది. మూడేళ్ళలో నా మొదటి దొంగతనం. పాచిక కూడా వెయ్యలేదు.

నీ తమ్ముడు,
దొంగ